ఓబమ్మ కాచుకున్న వాన

ఓబమ్మను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె మన్ను రుచి చూస్తా ఉండింది. కడుతున్న మిద్దె కప్పు అంచున గొంతుక్కూర్చొని, చిటికెడు మన్ను నాలిక మీద వేసుకొని, కాసేపు చప్పరించి పక్కకు ఉమ్మేసింది. "ఇది చౌడు కాదప్పా, వట్టి బూడిద మన్ను. తిప్పుకపో" అనింది. కింద ఎద్దులబండితో నిలబడుండే లింగప్ప బండి తిప్పుకొని పోయినాడు.

అది 1980 ఎండాకాలం. మడకశిర నుంచి బెంగుళూరుకు పోయే దారిలో, పెద్ద పెద్ద బండరాళ్ళ గుండ్లు ఉండే కొండల నడుమ శిలాంగణం అని ఒక పెద్ద హోటల్ కడుతున్నారు. నేను అందులో స్టోరు గుమాస్తాగా చేరి అప్పటికి వారం కూడా కాలేదు. మా పక్క మట్టి మిద్దెల మీద జానెడు మందాన చౌడు పరుస్తారని నాకు తెలుసు. ఉప్పదనం ఉండే ఆ తెల్లమన్ను తడిస్తే బిగుసుకపోయి నీటి చుక్కను కిందికి దిగనీదు. మంచి చౌడుకు మంచి చెయ్యి తోడైతే ఆ మిద్దె కింద ముప్పై ఏళ్ళు తడి తగలకుండా బతకొచ్చు. మడకశిర చుట్టుపక్కల పది పన్నెండు ఊర్లలో అట్లాంటి చెయ్యి ఓబమ్మదని ఆ పొద్దే విన్నాను.

ఆ హోటల్‌కు ప్లాను గీసింది బెంగుళూరు నుంచి వచ్చిన ఒక ఇంజనీరమ్మ. మేమంతా ఆమెను అట్లే పిలిచేవాళ్ళం. ఆమె ఒక్క గుండును కూడా పగలగొట్టనియ్యలేదు. గుండ్ల సందుల్లోనే గదులు కట్టించింది. వచ్చినవాళ్ళు పేర్లు రాయించుకునే గదిలో అయితే ఏనుగంత గుండు గోడలో నుంచి లోపలికి చొచ్చుకొని ఉండేది. చేల గట్ల మీద మాదిరి నిలువు రాళ్ళు పాతి ప్రహరీ పెట్టించింది. ఈత కొట్టను మెట్లతో దిగుడుబావి మాదిరి కొలను కట్టించింది. చుట్టుపక్కల ఊర్లలో తాగను నీళ్ళు లేని ఏడు అది. ఆ కొలనుకు ట్యాంకర్లతో నీళ్ళు తోలుతుంటే దారి పక్కన ఆడోళ్ళు బిందెలు పెట్టుకొని చూస్తా నిలబడేవాళ్ళు.

అన్నిటికన్నా ఆమె మనసు పెట్టి కట్టించింది అన్నం తినే హాలు. మా పల్లెల్లో పెద్ద మిద్దె ఎట్లుంటుందో అట్లే: చెక్క కంబాలు, దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెల కర్రలు, వెలుతురుకు కప్పు నడిమిట్ల గవాచి, పైన మట్టి. గోడలకు తోలుబొమ్మలు చేసే దాసప్ప అనే ముసలాయన ఎనిమిది నెలలు కూర్చొని ఎర్ర, ఆకుపచ్చ, నల్ల రంగులతో బొమ్మలు గీసినాడు. ఆకుల నుంచీ రాళ్ళ నుంచీ తీసిన రంగులు అవి. ఆ హాలుకు కప్పు వెయ్యనే ఓబమ్మను పిలిపించినారు.

హోటల్ యజమాని జయరాముడు. ముందు కదిరి పక్క వేరుసెనక్కాయల మిల్లు నడిపి, తరువాత బెంగుళూరులో కాంట్రాక్టులు చేసి పెద్దోడైన మనిషి. హాల్లోని కంబాలన్నీ ఆయనే సేకరించినాడు. వచ్చినవాళ్ళందరికీ వాటిని తట్టి చూపించి, "ఇట్లాంటివి ఇప్పుడు యాడా దొరకవు" అని చెప్పేవాడు.

అవి యాడ దొరికినాయో ఓబమ్మకు తెలుసు. నాకు మాత్రం ఆమె ఆ సంగతి చానా ఏళ్ళ తరువాత చెప్పింది.

డెబ్బై రెండు, డెబ్బై మూడు కరువులో జయరాముడు లారీ వేసుకొని ఊర్లు తిరిగినాడు. లారీలో జొన్న మూటలు. ఎవరింట్లో మంచి తలుపుంటే తలుపు, మంచి కంబముంటే కంబం, దానికి ఇంత అని జొన్నలు ఇచ్చి విప్పుకొని పోయేవాడు. ఓబమ్మ ఇంట్లో నాలుగు టేకు కంబాలు ఉండేవి. ఆమె మొగుడు కుళ్ళాయప్ప వాళ్ళ తాత పెట్టించినవి. మూడు మూటల జొన్నలకు నాలుగూ అడిగినాడు.

కుళ్ళాయప్ప వెనకాడినాడు. "కంబాలు తీస్తే కప్పు యాడ నిలబడతాదన్నా?"

"వారంలో రాతి కూసాలు పంపిస్తా. అంతవరకు ఊతకర్రలు పెట్టి పోతారు మావోళ్ళు. నీకు టేకైతే ఏమి, రాయైతే ఏమి? కడుపుకు కావాల్సింది జొన్నలు గదా" అన్నాడు జయరాముడు.

ఇంట్లో గింజ లేదు. ఒప్పుకున్నారు. జయరాముడి మనుషులు కంబాలు ఊడబెరికి, తుమ్మ కర్రలు నాలుగు నిలబెట్టి పోయినారు. వారం పోయింది, నెల పోయింది. రాతి కూసాలు రాలేదు. ఓబమ్మ రెండుసార్లు కదిరికి పోయి అడిగి వచ్చింది. రెండుసార్లూ "ఎల్లుండి లారీ వస్తాది పో" అన్నారు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం తొలకరి వాన పడింది. ఊరంతా బయటికొచ్చి తడిసినారు. ఓబమ్మ కరువు పనిలో రాళ్ళు కొడుతూ తానూ తడిసింది. ఆ వానకు కప్పు మీది మన్ను బరువెక్కి, ఒక తుమ్మకర్ర జారి, మిద్దె కుప్పకూలింది. లోపల కుళ్ళాయప్ప ఉన్నాడు. పక్కింటి లింగప్ప చేతులతో మన్ను తోడి బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

ఇరవై దినాల తరువాత ఓబమ్మ జయరాముడి మిల్లుకు పోయింది. ఏమీ అడగను కాదు. "నువ్వు రాళ్ళు పంపలేదు, నా మొగుడు సచ్చిపోయినాడు" అని ఆయన ముఖం మీద చెప్పి రావాలని పోయింది. ఆయన మిల్లు ముందర పది మంది రైతుల నడుమ కూర్చొని ఉన్నాడు. ఆమె చెప్పింది విన్నాడు.

"కంబాలు తీసినందుకు పడలేదమ్మా. ఊతకర్రలు గట్టిగానే పెట్టించినా. ఆ కప్పు వేసిన చెయ్యికి పని రాదు, అందుకే పడింది. చేతగానోళ్ళతో మిద్దె వేయించుకొని నా మీదికొస్తే ఎట్ల?"

ఆ కప్పు వేసింది ఓబమ్మేనని ఆయనకు తెలియదు. అడగలేదు కూడా. కూర్చున్న పది మంది తల ఊపినారు. ఓబమ్మ వెనక్కి వచ్చింది. కానీ ఆ మాట ఆమెకన్నా ముందే ఊర్లకు చేరింది. ఓబమ్మ వేసిన మిద్దె పడి ఆమె మొగుడే సచ్చినాడంట అని రెండేళ్ళు ఎవరూ ఆమెను పనికి పిలవలేదు. ఇంటింటికీ పోయి, తాను వేసిన కప్పులను చూపించి, మళ్ళీ పని సంపాదించుకునేసరికి ఆమె తల నెరిసింది.

"మొగుడు పోయిన ఏడుపు ఒక ఏడాదికి తగ్గిందప్పా. ఆ మాట మాత్రం తగ్గలేదు" అనింది నాతో.

ఇంజనీరమ్మ జీపులో ఊరికి వచ్చి కప్పు పనికి రమ్మన్నప్పుడు ఓబమ్మ మొదట రానని చెప్పింది. హోటల్ ఎవరిదని మాట వరసకు అడిగింది. జయరాముడి పేరు వినగానే, "వస్తానమ్మా, కానీ కప్పు పనిలో ఇంకెవరూ చెయ్యి పెట్టగూడదు" అనింది. ఇంజనీరమ్మకు ఆ పట్టుదల నచ్చింది.

హాల్లో అడుగుపెట్టిన తొలి దినమే ఓబమ్మ తన కంబాన్ని గుర్తుపట్టింది. కవ్వం తాడు ఇరవై ఏళ్ళు ఒరుసుకొని పడిన గాడి దానికి నడుము ఎత్తున ఉంది. పాలిష్ పెట్టినా ఆ గాడి పోలేదు. వేలు పెట్టి చూసింది. ఆ సాయంత్రం లింగప్పను దూరంగా పిలిచింది.

"గదుల మీదికి మంచి చౌడే తోలు. హాలు మీదికి మాత్రం ఎర్రమన్ను కావాల."

"ఎర్రమన్ను నీళ్ళు తాగుతాది గదక్కా."

"తాగనీ."

లింగప్ప హాలు వైపు చూసినాడు. కుళ్ళాయప్పను మన్నులో నుంచి తీసినోడు ఆయనే. "కింద జనం కూచ్చోని తింటారు. కప్పు పడితే?" అన్నాడు.

"పడదు. దంతెలు దగ్గర దగ్గరగా పెట్టిస్తా, దూలాలు రెండింతలు వేయిస్తా. పడితే ఎవడో వంటోడు సస్తాడు, వాడు కాదు. నాకు పడడం వద్దు లింగప్పా. నీళ్ళు కారల్ల. నలుగురి ముందర కారల్ల. వాడు బతికుండి చూడల్ల."

పని అట్లే జరిగింది. మూరెడు మందాన ఇసుక కలిసిన ఎర్రమన్ను తొక్కించి, దాని మీద వేలెడు మందాన మాత్రం తెల్ల చౌడు పూసింది. మెట్ల పక్కన ఒక మంచమంత జాగా మాత్రం నిక్కమైన చౌడుతో జానెడు మందాన వేసింది. ఇంజనీరమ్మ పైకి వచ్చి పరీక్ష చేస్తానంటే ఆ జాగాలోనే కడవ నీళ్ళు పోయించింది. చుక్క దిగలేదు. ఇంజనీరమ్మ సంతోషంతో ఆమె చేతులు పట్టుకుంది. ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించిందని ఓబమ్మ తరువాత చెప్పింది.

హోటల్ తెరిచినారు. దొరలు, దొరసానులు, బెంగుళూరు షావుకార్లు కార్లలో వచ్చేవాళ్ళు. ఓబమ్మను జయరాముడు పనిలో పెట్టుకున్నాడు. ఏటా కప్పు చూసుకోవడం ఒక పని. ఇంకో పని ఏమంటే, హాలు ముందర అరుగు మీద కూర్చొని, వచ్చినవాళ్ళు చూస్తుండగా రాగులు విసరడం. ఆమెను ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఒక ఇంగ్లీషు పత్రికలో ఆమె బొమ్మ పడితే జయరాముడు దాన్ని అద్దం కట్టించి తగిలించినాడు. ఆరేళ్ళు ఆమె ముందరే తిరిగినాడు గానీ మిల్లుకొచ్చిన ఆడమనిషి ఈమేనని ఆయనకు తట్టలేదు.

ఊర్లో ఆమెను ముఖం మీదే తిట్టినారు. మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నోడి కూడు తింటాండావే అన్నారు. ఆమె పనికి పోవడం మానలేదు. మానేస్తే ఇంకెవరినో కప్పు మీదికి ఎక్కిస్తారని ఆమె భయం.

ఇక కావాల్సింది వాన ఒక్కటే. ఆ వాన రాలేదు. మా సీమ సంగతి తెలిసిందే గదా. అరగంట చినుకులు పడి దుమ్ము అణిగేది, అంతే. ఆ మాత్రం తడిని కప్పు మీది ఎర్రమన్ను తాగేసి ఊరుకునేది. రెండు దినాలు ఎడతెగకుండా ముసురు పట్టాలి, అప్పుడే నీళ్ళు కింది దాకా దిగుతాయి. ఒక ఏడు పోయింది, రెండో ఏడు పోయింది. వేరుసెనగ ఎండింది, పశువులను సంతకు తోలినారు. జనం మబ్బుల వైపు చూసి దండం పెట్టేవాళ్ళు. ఓబమ్మ కూడా విసురుతా విసురుతా ఆపి మబ్బుల వైపు చూసేది.

నేను ఒకసారి అడిగినాను. "నీకు గుంట చేను కూడా లేదు గదమ్మా. వానతో నీకేమి పని?"

"నాకూ పంట ఉండాదిలేప్పా" అనింది, విసరడం ఆపకుండా.

ఆరో ఏడు కార్తీకంలో తుపాను ముసురు పట్టింది. ఆ వారమే బెంగుళూరు నుంచి ఒక యాత్రల కంపెనీ వాళ్ళు వచ్చి దిగినారు. ఏడాది పొడవునా విదేశీయులను బస్సుల్లో శిలాంగణానికి తెచ్చేటట్లు మాట్లాడుకొని, మూడో దినం మధ్యాహ్నం భోజనాల దగ్గర కాగితాల మీద సంతకాలు చేయాలని ఏర్పాటు. దానికి జిల్లా పెద్దమనుషులను కూడా జయరాముడు పిలుచుకున్నాడు. వాన మొదటి దినం పడింది, రెండో దినం పడింది. ఓబమ్మ రెండు దినాలూ ఇంటికి పోకుండా అరుగు మీదే కూర్చుంది.

మూడో దినం హాల్లో నలభై మంది కూర్చున్నారు. ఇత్తడి తట్టల్లో రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి వడ్డించినారు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. మొదట ఒక చుక్క తెల్ల మేజాగుడ్డ మీద పడింది. ఎర్రగా ఉంది. ఎవరో పప్పు ఒలికిందనుకొని తుడిచినారు. ఇంకో చుక్క సంగటిలో పడింది. తరువాత ఒక ఆడమనిషి భుజం మీద పడింది. నలుగురూ తల పైకెత్తేసరికి దంతెల సందుల్లో నుంచి నూలుపోగుల మాదిరి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. కాసేపటికి పోగులు ధారలైనాయి. కుర్చీలు జరుపుకొని, తట్టలు వదిలి, జనం గోడల పక్కకు పోయినారు. గోడల మీద కూడా బురదనీళ్ళు దిగుతున్నాయి. దాసప్ప గీసిన బొమ్మల కండ్లు, కిరీటాలు, కాళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసి నేలకు కారిపోతున్నాయి.

జయరాముడి ముఖం నల్లబడింది. కప్పు మీదికి మన్ను ఎవరు తోలినారని అడిగినాడు. ఎవరో లింగప్ప పేరు చెప్పినారు. లింగప్ప అప్పటికి హోటల్లోనే తోట పని చేస్తున్నాడు. ఆయన్ను లాక్కొచ్చి, చొక్కా పట్టుకొని, "దొంగమన్ను తోలి నా కొంప ముంచినావు. పోలీసులను పిలవండి" అన్నాడు. లింగప్ప ఓబమ్మ పేరు బయటపెట్టలేదు.

అప్పుడు ఓబమ్మ తడిసిన కాళ్ళతో హాల్లోకి వచ్చింది.

"ఆయన్ను వదులు. మన్ను తోలమన్నది నేను. వేసింది నేను. అది చౌడు కాదు, ఎర్రమన్ను. తెలిసే వేసినా."

జయరాముడికి అర్థం కాలేదు. "ఎందుకు? నీకేమి తక్కువ చేసినా?"

"ఈ కంబం ఎవరిది?"

"నాది."

"ఎవరింట్లో నుంచి తెచ్చినావని అడుగుతాండా."

ఆయన కంబం వైపు చూసి, ఆమె వైపు చూసినాడు. "డెబ్బై ఇండ్లలో తెచ్చినా. ఏది ఎవరిదో నాకెట్ల తెలుస్తాది?"

ఆ మాటకు ఓబమ్మ ఒక్క నిమిషం తడబడింది. పదమూడేళ్ళలో ఆమె ఎన్నో జవాబులు తలుచుకొని ఉంది. వాడు బుకాయిస్తాడనుకుంది, కాళ్ళు పట్టుకుంటాడనుకుంది. జ్ఞాపకమే లేదంటాడని అనుకోలేదు. ఆమె ఆయన మణికట్టు పట్టుకొని కంబం దగ్గరికి లాక్కొని పోయి, ఆ గాడిలో ఆయన వేళ్ళు పెట్టించింది. మూడు మూటల జొన్నల నుంచి మొదలుపెట్టి, తుమ్మకర్రల సంగతి, కుళ్ళాయప్ప సంగతి, మిల్లు దగ్గర పది మంది నడుమ ఆయన అన్న మాట, అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు. యాత్రల కంపెనీ వాళ్ళలో తెలుగు వచ్చినాయన ఒకడు మిగతావాళ్ళకు మెల్లగా చెబుతున్నాడు. పైనుంచి నీళ్ళు కారుతానే ఉన్నాయి. జయరాముడి తెల్లచొక్కా భుజాల మీద ఎర్రగా మరకలు పడినాయి. చెయ్యి లాక్కోవాలని చూసినాడు గానీ ఆమె వదల్లేదు.

"ఆ పొద్దు చెప్పిన మాట ఇప్పుడు చెప్పు. ఈ కప్పు వేసిన చెయ్యికి పని రాదని చెప్పు. ఆ పొద్దు అబద్ధం. ఈ పొద్దు నిజం, నేను కాదనను. చెప్పు."

ఆయన చెప్పలేదు. ఆమె చెయ్యి వదిలి, వానలోనే బయటికి పోయింది.

పోలీసులు ఆమెను స్టేషన్లో ఒక పగలు కూర్చోబెట్టినారు. తప్పుడు మన్ను వేసిందని ఏమి కేసు రాయాలో ఎస్సైకి తోచలేదు. మరుసటి దినం ఇంజనీరమ్మ బెంగుళూరు నుంచి వచ్చి, మెట్లెక్కి కప్పు మీదికి పోయి, వేలితో తెల్లపూత గీకి చూసి, దిగి వచ్చింది. ఫిర్యాదు రాయమని జయరాముడు అడిగితే రాయనని చెప్పింది. ఓబమ్మను ఒక్క మాట అడిగింది. "నా మీద కూడా కోపమా?"

"లేదమ్మా. వాడికీ నాకూ నడుమ నువ్వొచ్చి నిలబడినావు, అంతే" అనింది ఓబమ్మ.

యాత్రల కంపెనీ సంతకం పెట్టకుండానే పోయింది. జయరాముడు మట్టి అంతా తోడించి, కంబాలు తీయించి, హాలుకు సిమెంటు కప్పు పోయించినాడు. ఎండాకాలం దాని కింద కూర్చోలేకపోయినారు. కరువు ఊర్ల కంబాల కథ బెంగుళూరు పత్రికలో ఒకదాంట్లో వచ్చింది. ఆ తరువాత కార్లు రావడం కూడా తగ్గింది. రెండేళ్ళకు హోటల్‌ను గ్రానైటు రాళ్ళ వ్యాపారులకు అమ్మేసినాడు. వాళ్ళకు గదులు అక్కర్లేదు, గుండ్లు కావాలి. ఆ వార్త తెలిసిన దినం ఓబమ్మ ఓళిగలు చేసి వీధిలో అందరికీ పంచింది. నాకూ రెండు ఇచ్చింది. తినేవరకు ఎదురుగా కూర్చుంది.

పశ్చాత్తాపం ఏమైనా ఉందా అని అడిగినాను. జయరాముడి విషయంలో లేదనింది. అయితే దాసప్ప గురించి ఆమె ఆ కప్పు వేసేటప్పుడు ఒక్కసారి కూడా ఆలోచించలేదంట. గోడల మీద రంగులు కారిపోతా ఉంటే చూసినప్పుడే ఆయన ఎనిమిది నెలలు గుర్తుకొచ్చినాయంట. వాన నిలిచిన వారానికి లింగప్ప బండిలో ఆయన ఊరికి పోయింది. ముసలాయన వాకిట్లో మేకతోలు పరుచుకొని, ఉలితో సన్నగా రంధ్రాలు పొడుస్తా ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నీకు వాడు పగోడు. మరి నేనెవరు నీకు?" అన్నాడు.

ఆమె తలెత్తి ఆయన మిద్దె చూసింది. పగిలిపోయి అక్కడక్కడ గడ్డి మొలిచి ఉంది. మరుసటి దినం మంచి చౌడు తోలించుకొని వచ్చి, రెండు దినాల్లో ఆ కప్పు కొత్తగా వేసింది. ఆయన వద్దనలేదు, రమ్మనలేదు, కూర్చోమనలేదు. అప్పటి నుంచి ఆయన పోయేవరకు, ప్రతి ఎండాకాలం ఆమె పోయి ఆ కప్పు చూసి, నెర్రెలు పూడ్చి వచ్చేది. ఆ ఏళ్ళన్నిట్లో ముసలాయన ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని లింగప్ప చెప్పినాడు.

ఆ సంగతి ఎత్తితే ఓబమ్మ తల వంచుకునేది. జయరాముడి పేరు ఎత్తితే మాత్రం వెంటనే తలెత్తి, "ఇంకొక్క దినం కారింటే బాగుండు" అనేది.